డిస్కౌంట్ కన్నా ముందు ఇంటి డెమో అడగండి

ప్రశ్న: మంచి స్పీకర్లు, యాంప్లిఫయర్, డ్యాక్ (డిజిటల్ పాటను యాంప్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే పరికరం) కొనాలని రెండేళ్ళుగా డబ్బు దాస్తున్నాను. దగ్గర్లో ఉన్న డీలర్ రెండుసార్లు ఓపిగ్గా డెమో ఇచ్చారు. ధర తగ్గించమంటే ‘ఇవి బేరమాడే వస్తువులు కావండీ’ అన్నారు. ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకే కనిపిస్తున్నాయి. అన్ని గంటలు కూర్చోబెట్టి వినిపించాక గట్టిగా అడగాలంటే మొహమాటంగా ఉంది. ఎంతవరకు అడగొచ్చు? వాయిదాల్లో తీసుకోవడం మంచిదేనా?

జవాబు: అడగొచ్చు. ఆయన చెప్పింది సగమే నిజం. కొత్తగా వచ్చి బాగా గిరాకీ ఉన్న మోడల్ మీద తగ్గించడానికి డీలర్‌కు చాలాసార్లు వీలుండదు. అదే కొత్త వెర్షన్ రాబోతున్న మోడలయినా, షోరూమ్‌లో ఆరు నెలలుగా మోగుతున్న డెమో పీసయినా లెక్క వేరు. సాధారణంగా కేబుళ్ళు, స్టాండ్ల లాంటి వాటి మీద మార్జిన్ ఎక్కువ. కాబట్టి ఒక్కో వస్తువుకీ ఎంత శాతం తగ్గిస్తారని అడగకండి. శాతాల లెక్క ఆయన రోజూ ఆడే ఆట. కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసి, ‘ఇవన్నీ కలిపి, పన్నులతో సహా, ఇంటికి తెచ్చి బిగించేదాకా మొత్తం ఎంత?’ అని అడగండి. ఆ ఒక్క అంకె మీదే మాట్లాడండి. ఆయన చెప్పాక వెంటనే సరే అనకుండా కాసేపు ఊరుకున్నా ఏమీ అనుకోరు.

కొసరు దగ్గర జాగ్రత్త. మీ సిస్టమ్ మొత్తం ధర 100 అనుకుందాం. ‘15 ఖరీదు చేసే కేబుల్ ఫ్రీగా ఇస్తాను’ అంటే 5 శాతం తగ్గింపు కన్నా ఘనంగానే వినిపిస్తుంది. కానీ ఆ కేబుల్‌ను మీరు సొంత డబ్బు పెట్టి కొనేవారా? కాదంటే మీకు దాని విలువ సున్నా. నేనూ ఒకసారి ఇలాగే మురిసిపోయాను. ఆ కేబుల్ ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. దాంతో వచ్చిన యాంప్‌ను మాత్రం ఏడాది తిరక్కుండానే అమ్మేశాను.

ఈ సరదాలో డబ్బు పోయేది సరిగ్గా అక్కడే. బాగా బేరమాడి 93కే కొన్నారనుకోండి. ఇంట్లో ఆ సౌండ్ నచ్చక ఏడాదికి 55కి అమ్మేస్తే 38 పోయినట్టు. నిండా 100 పెట్టి కొన్నదాన్ని పదేళ్ళు విన్నా ఏడాదికి పడేది 10. డిస్కౌంట్‌లో మిగిలే ఏడు కన్నా, నచ్చని వస్తువు ఇంటికి రాకుండా చూసుకోవడమే లాభం.

అందుకే మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ఇంటి డెమో కోసం. స్పీకర్ ఎలా వినిపిస్తుందనేది, ముఖ్యంగా బేస్ (డప్పు లాంటి లోతైన శబ్దం), గదిని బట్టి చాలా మారిపోతుంది. పరదాలు, తివాచీలు పరిచిన డీలర్ గదిలో కుదురుగా ఉన్న బేస్ మీ ఇంట్లో గోడ మూలకు జరపగానే హోరెత్తిపోవచ్చు. డిపాజిట్ కడతానని చెప్పి మూడు నాలుగు రోజులు ఇంటికి ఇమ్మనండి. పెద్ద స్పీకర్లు మోసుకురావడం ఇబ్బంది అంటే, నచ్చకపోతే ఇన్ని రోజుల్లో ఇంత ధరకు వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకోండి. ఏడాదిలోపు పై మోడల్‌కు మారితే పాతదానికి ఎంత కట్టిస్తారో కూడా ఇప్పుడే అడగండి. ధర తగ్గించని డీలర్లు కూడా ఇలాంటి వాటికి ఒప్పుకోవడం నేను చూశాను. వాళ్ళకూ మీరు మళ్ళీ రావాలనే కదా ఉంటుంది.

షోరూమ్‌లో వినేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ పెట్టినా మన చెవికి అదే ‘మంచి సౌండ్’ అనిపిస్తుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టమనండి. సెన్సిటివిటీ అంకె కూడా అడగండి, ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది అదే. అది 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్‌కు అదే శబ్దానికి సగం పవర్ చాలు. అంటే 100 వాట్ల యాంప్ బదులు 50 వాట్లదీ సరిపోవచ్చు. 

డెమో పీస్ తీసుకుంటే వారంటీ మీ బిల్లు తేదీ నుంచా, డబ్బా తెరిచిన తేదీ నుంచా అని ముందే తేల్చుకోండి. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికించే చిన్న భాగం) నొక్కుకుపోలేదని, రిమోట్, డబ్బా అన్నీ ఉన్నాయని చూసుకోండి.

ఇక మొహమాటం. ఆయన దగ్గర గంటలకొద్దీ విని ఆన్‌లైన్‌లో కొనడం నాకు నచ్చదు, అది నా చాదస్తం అనుకోండి. అలాగని మీకు కనిపించిన ఆన్‌లైన్ ధర దాచుకోవాల్సిన పని లేదు. ‘నాకు మీ దగ్గరే కొనాలనుంది, తేడా ఇంత ఉంది, ఎంతవరకు దగ్గరకు రాగలరు?’ అని సూటిగా అడగండి. ఇంటి డెమో, బిగింపు, రేపు పాడైతే చూసే మనిషి ఉంటే, నాలుగైదు శాతం ఎక్కువైనా నేనయితే ఇచ్చేస్తాను. తేడా మరీ ఎక్కువుంటే ముందు ఆ ఆన్‌లైన్ అమ్మకందారు ఆథరైజ్డో కాదో చూడండి. వేరే దేశం కోసం చేసిన సరుకైతే మీ దగ్గర వారంటీ వర్తించకపోవచ్చు. 110 వోల్టుల యాంప్‌ను 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వాయిదాల సంగతి. రెండేళ్ళు దాచినవారు ఇప్పుడు అప్పు చేయడమెందుకు? ‘వడ్డీ లేదు’ అన్నా, ముందు నగదు ధర ఎంతో అడగండి. వడ్డీ చాలాసార్లు ఆ తేడాలోనే దాక్కుని ఉంటుంది. ‘ఏడాదికి 10 శాతమే, ఫ్లాట్’ అంటే నెలనెలా అసలు తీరుతూ ఉన్నా మొత్తం అప్పుకే వడ్డీ వేస్తారు కాబట్టి, మీకు నిజంగా పడేది దాదాపు 18 శాతం.

ఒకటి మీరు అడగలేదు కానీ చెబుతాను. మీరు చూస్తున్న యాంప్‌లో డ్యాక్ లోపలే ఉందేమో కనుక్కోండి. ఇప్పుడు చాలావాటిలో ఉంటోంది. ఉంటే విడిగా డ్యాక్ ఇప్పుడే వద్దు. స్పీకర్లు బాగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తాయి, డిజిటల్ సరుకు అంతకన్నా చాలా త్వరగా పాతబడుతుంది. ఆ డబ్బు స్పీకర్లకు కలపండి, లేదా ఆరు నెలలు అలాగే ఉంచి, డ్యాక్ లేని లోటు నిజంగా తెలిస్తే అప్పుడు ఆ డీలర్ దగ్గరికే వెళ్ళండి. పాత కస్టమర్‌గా ఆ రోజు మీ బేరం ఇంకా తేలికవుతుంది.