షాపుకి ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మంచిది? ముందు మీ అకౌంటెంట్ పక్కన ఒక రోజు కూర్చోండి

మీరు అడిగింది ఇదీ: రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగుల షాపు, ఏడాదికి 4 కోట్ల పైచిలుకు టర్నోవర్, పదేళ్లుగా షాపు కంప్యూటర్లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, మీ అబ్బాయి క్లౌడ్‌కి, అంటే డేటా ఇంటర్నెట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌కి మారదామంటున్నాడు, వారానికి రెండు రోజులు వచ్చే అకౌంటెంట్ గారు వద్దంటున్నారు, ఎవరి మాట వినాలి అని. నేను 2009 నుంచి ఇలా షాపులకు వెళ్లి లెక్కలు రాసే పనే చేస్తున్నాను, సికింద్రాబాద్‌లో, బాలానగర్‌లో, కొన్నాళ్లు బేగంబజార్‌లో. కాబట్టి నా మాట కాస్త ఆయన వైపు మొగ్గుతుంది, అది ముందే చెబుతున్నా.

ఆయనకి కొత్తది నేర్చుకునే ఓపిక లేదని మీ అబ్బాయి అనుకుంటూ ఉండొచ్చు. ఆ మాట నేనూ పడ్డాను, చాలా బాధనిపించింది. ట్యాలీలో నొక్కే కీలు, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఇవన్నీ మా వేళ్లకు అలవాటైపోయి ఉంటాయి. అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో ఇంట్లో లైసెన్స్ లేక ఎడ్యుకేషనల్ మోడ్‌లో ప్రాక్టీస్ చేసేదాన్ని, అందులో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ పడుతుంది, ఏడాది లెక్కంతా ఆ మూడు తేదీల్లోనే రాసుకుంటూ నేర్చుకున్నాను. అలా వచ్చిన వేగం మీదే నాలుగైదు షాపులు చూసుకుని ఇల్లు నడుపుకుంటాం. ఒక్కో షాపులో ఒక్కో సాఫ్ట్‌వేర్ పెడితే ఆ వేగం పోతుంది, టైం రెట్టింపు పడుతుంది, జీతం మాత్రం పాతదే ఉంటుంది. ఆయన వద్దనడానికి ఇది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు, మీ ముందు అనడానికి మొహమాటపడుతుండొచ్చు. ఇందులో మీకూ లాభం ఉంది. రేపు ఆయన మానేస్తే ట్యాలీ వచ్చిన మనిషి హైదరాబాద్‌లో తేలిగ్గా దొరుకుతాడు, మీ సీఏ కూడా బ్యాకప్ పంపండి చాలంటారు.

అలాగని మీ అబ్బాయి చెప్పేది తప్పని కాదు. 2020 అక్టోబరు వానలప్పుడు పాతబస్తీలో నేను లెక్కలు రాసే ఒక షాపులోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. కంప్యూటర్ కౌంటర్ కింద ఉంది, బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ అదే కౌంటర్ సొరుగులో ఉంది. రెండూ పోయాయి. ఆ ఓనర్ గారు కూర్చుని ఎవరెవరు ఎంత ఉద్దెర ఉన్నారో గుర్తు తెచ్చుకుని నోట్‌బుక్‌లో రాశారు, గుర్తురానివి రానట్టే పోయాయి. క్లౌడ్‌లో ఉంటే ఆ బాధ తప్పేది. అయితే దానికోసం సాఫ్ట్‌వేరే మార్చక్కర్లేదు, బ్యాకప్ రోజూ షాపు బయటకి, అంటే ఇంటికో గూగుల్ డ్రైవ్‌కో వెళ్తే చాలు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఈ ఒక్కటి మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి.

నేను నిజంగా భయపడేది ఇంకోదానికి. కౌంటర్లో బిల్లింగ్‌కి ఒక మొబైల్ యాప్, లెక్కలకు వేరే సాఫ్ట్‌వేర్, మధ్యలో ఎక్సెల్ షీటు. చాలా షాపులు ఈ ఏర్పాటులోకి తెలియకుండానే జారిపోతాయి. బిల్లు కొట్టే కుర్రాడికి తొందర, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు, పాత పేరు వెతికే బదులు కొత్తగా టైప్ చేసేస్తాడు. ఒక చోట ఒకే కాంట్రాక్టర్ మూడు స్పెల్లింగులతో ముగ్గురు పార్టీలయ్యాడు, అందులో ఇద్దరికి జీఎస్టీ నంబరే లేదు. ఆ బిల్లులన్నీ రిటర్న్‌లో మామూలు కస్టమర్ల లెక్కలోకి వెళ్లిపోయాయి, ఆ కాంట్రాక్టర్ 2బిలో, అంటే ఆయన కొన్న బిల్లులన్నీ జీఎస్టీ పోర్టల్ చూపించే పట్టికలో కనపడలేదు. 2బిలో రాని బిల్లుకి ఆయన ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకోలేడు, అందుకని ఆ పన్ను మొత్తాన్ని మా ఓనర్ గారికి ఇవ్వాల్సిన డబ్బులోంచి ఆపేశాడు. న్యాయమే కదా. సవరణలు వేసి, ఆయన ఆఫీసు చుట్టూ తిరిగి డబ్బు రాబట్టుకునేసరికి రెండు నెలలు పోయాయి. అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 నెలనెలా వేసేవాళ్లకు 11వ తేదీ, మూడు నెలలకోసారి వేసేవాళ్లకు 13వ తేదీ ఆఖరు. ఆ రెండు మూడు రోజుల్లో ఎక్సెల్‌లో స్పెల్లింగులు సరిచేస్తూ రాత్రి పదింటి దాకా కూర్చునే మనిషి టెన్షన్ యాప్ అమ్మేవాళ్లకు కనపడదు. కాబట్టి ఏది తీసుకున్నా బిల్లింగు, లెక్కలు ఒకే దాంట్లో ఉండాలి. లేదంటే కొత్త పార్టీ పేరు తెరిచే అధికారం ఒక్క మనిషికే ఉండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? నన్ను ఒక ట్రేడింగ్ షాపుకి పిలిచారు. అంతకుముందు చేసినాయన హఠాత్తుగా చనిపోయారు, డేటా అంతా ఆయన ల్యాప్‌టాప్‌లో, ఆయనకి మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ కింద ఉండిపోయింది. పాపం ఆ ఇంటివాళ్లు ల్యాప్‌టాప్ తెచ్చి చేతిలో పెట్టారు కానీ ఏం లాభం, తెరవలేకపోయాం. జీఎస్టీ పోర్టల్ నుంచి దింపిన రిటర్న్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లు బుక్కులు ముందేసుకుని ఏడాదిన్నర లెక్కలు మళ్లీ రాశాను. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, ఎవరూ అడగలేదు అంతే. క్లౌడ్‌లో కూడా ఇదే గొడవ వస్తుంది, అకౌంటెంట్ తన ఈమెయిల్‌తో అకౌంట్ తెరిస్తే యజమాని హక్కు ఆయనదే అవుతుంది. మీ షాపు ఈమెయిల్, మీ ఫోన్ నంబరుతో తెరిచి, ఆయనకి యూజర్‌గా అనుమతి ఇవ్వండి.

మారాలని తేల్చుకుంటే ఏప్రిల్ 1న మారండి. బాలానగర్‌లో ఒక యూనిట్ వాళ్లు ఆగస్టులో మారారు, వద్దని చెప్పినా వినలేదు. మార్చినవాళ్లు పార్టీల బాకీలను ఒక్కో పార్టీకి ఒక్కో మొత్తంగా ఎక్కించారు, బిల్లు వారీగా ఎక్కించలేదు. ఫలానా పార్టీ మూడు లక్షల నలభై వేలు ఇవ్వాలని తెలుస్తుంది, ఏ బిల్లుకి ఎంత, ఏ తేదీది అంటే జవాబు లేదు. ఒక పెద్ద పార్టీ అందులో రెండు బిల్లులు కట్టేశామంది, రుజువు కోసం మూడు వారాలు పాత ఫైళ్లు తిరగేశాను. మీరు కొనే వైపు ఇది ఇంకా ముఖ్యం. చిన్న తయారీదారుల దగ్గర సరుకు తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. గడువు దాటి మార్చి 31కి బాకీ ఉంటే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోనివ్వరు, 2023-24 నుంచి ఈ రూలు నడుస్తోంది. అలాగే 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు కట్టకపోతే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. బిల్లు వారీ తేదీలు లేకుండా ఈ రెండూ ఎలా చూస్తారు?

మీ టర్నోవర్ 4 కోట్ల పైన ఉంది కాబట్టి ఈ-ఇన్‌వాయిస్, అంటే వ్యాపారులకు ఇచ్చే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే సంగతి కూడా చూసుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకు అది తప్పనిసరి, కిందటి ఏడాది ఒక్కటే చూసి ఊరుకోకూడదు, 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాది దాటి ఉన్నా వర్తిస్తుంది. ఎప్పుడైనా ఒక మంచి ఏడాది వచ్చిందేమో పాత లెక్కల్లో వెతకండి. మీరు ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ నుంచి ప్రతి మార్పునీ నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఆడిట్ ట్రెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. సొంత పేరు మీద షాపు అయితే అది మీకు అక్కర్లేదు.

నన్నడిగితే, వచ్చే నెల 8 నుంచి 10 దాకా ఆయన రిటర్న్ పని చేసేటప్పుడు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. ఎక్కడ టైం పోతోందో వాడికే కనపడుతుంది. తర్వాత వాడికి నచ్చిన సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో ఒక్క నెల బిల్లులు, కొనుగోళ్లు ఎక్కించి, అదే నెల ట్యాలీ లెక్కతో ఆయన చేతే సరిచూడమనండి, ఆ అదనపు పనికి విడిగా డబ్బివ్వండి. రెండింటిలో పన్ను, స్టాక్, బాకీలు పైసాతో సహా కలిసి, ఆయన సరేనంటే మారండి. కలవకపోతే ఈ ఏడాదికి ఆగిపోండి.

మారినా పాత డేటా, అది తెరుచుకునే కంప్యూటర్ తీసేయకండి. జీఎస్టీ కింద లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, అంటే 2023-24 లెక్కలు 2030 డిసెంబరు 31 దాకా మీ దగ్గర తెరుచుకోవాలి.