కోడలా, ఆ లేజర్ పెన్ను విప్పకు

కోడలా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. డిసెంబర్ 13, 14 రాత్రుల్ల ఉల్కలు రాలుతయి గదా, అప్పుడు నువ్వు ఉట్నూరు కాడి మీ హాస్టల్ పిల్లలను డాబా మీదికి తీస్కపోయి చుక్కలు చూపిస్తవని చెప్పింది. ఆ మాటెంటనే ఇంకో మాట కూడ అన్నది. పచ్చ లేజర్ పెన్ను కొన్నవట, వెలుగు గుడ్డిగ వస్తున్నదట, వీడియోలు చూసి నువ్వే విప్పి బాగు చేస్తవట. మొదటి మాటకు ఛాతి ఉబ్బింది. రెండో మాటకు నిద్ర పట్టలే. ఫోన్ల చెప్తె "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవ్, అందుకే రాస్తున్న. సాంతం చదువు.

విప్పకు. ముందుగల్ల ఆ మాట గుర్తుపెట్టుకో.

పెన్ను ఆగమైందని నువ్వనుకుంటున్నవ్ గని, నాకైతె సెల్లుల మీదనే అనుమానం. సన్న సెల్లులు, ట్రిపుల్ ఏవి, రెండు పడతయట గదా. నువ్వు ఛార్జింగ్ సెల్లులు వేసినవ్. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, రెండు కలిస్తె 3. ఛార్జింగ్‌ది, అదే నికెల్ మెటల్ హైడ్రైడ్‌ది, 1.2 వోల్టులే. రెండు కలిపినా 2.4 దాటది. మంచి పెన్నైతె లోపలి సర్క్యూట్ ఆ తక్కువను సర్దుకుంటది. చౌకది సర్దుకోదు, వెలుగు పడిపోతది. కొత్త ఆల్కలైన్ సెల్లులు రెండు, ఒక్క పాకెట్టుల నుంచే తీసి వేసి చూడు. గోడ గడియారంల వేసే అగ్గువ సెల్లులు కావు. వెలుగు తిరిగొస్తె పెన్నుకు ఏ రోగం లేనట్టే.

ఛార్జింగ్ సెల్లులే వాడాల్నంటె రెండూ ఒక్క కంపెనీవి, ఒక్కసారి కొన్నవి ఉండాలె. ఒకటి బలంగ, ఒకటి వీక్‌గ ఉంటె బలమైంది వీక్‌దాన్ని ఉల్టా నడిపించి పాడు చేస్తది. ఛార్జర్ల నుంచి తీయంగనె మీటర్ మీద 1.4 చూపిస్తది, అది చూసి మురవకు, గంట పక్కన పెట్టి మల్ల చూడు. మామూలు రకం ఛార్జింగ్ సెల్లులు అల్మారల ఊకెనే పడి ఉన్నా నెలరోజుల్ల చాన ఛార్జి పోగొట్టుకుంటయి. 2005ల శాన్యో వాళ్లు ఎనెలూప్ అని తెచ్చినంక ఆ బాధ తగ్గింది. ఆ తీరువి ఏడాది తర్వాత తీసినా పనికొస్తయి. నీకు అసొంటివే కొనుమని చెప్తున్న.

ఇంకొకటి. ఆన్‌లైన్ల అదే సైజుల 3.7 వోల్టుల లిథియం సెల్లు దొరుకుతది, 10440 అంటరు. "ఎక్కువ వోల్టులు, ఎక్కువ వెలుగు" అని ఎవడో ఒకడు చెప్తడు. నిండ ఛార్జి చేస్తె అది 4.2. రెండు వేస్తె 8 దాటుతది. లోపల వెలుగిచ్చే డయోడ్ జిగ్గుమని మెరిసి చచ్చిపోతది. దాన్ని బతికించే మంత్రం నా కాడ లేదు.

స్ప్రింగు మీద, మూత కాడ మురికి పట్టిందేమో చూడు, పెన్సిల్ రబ్బరుతోని రుద్దు, స్పిరిట్ల ముంచిన దూదితోని తుడువు. తెల్లగ పొక్కులు కట్టి ఉంటె సెల్లు కారినట్టు, పుల్లకు దూది చుట్టి జర వెనిగర్ అంటించి తుడిచి, మల్ల స్పిరిట్ పెట్టు. అద్దం మీద దుమ్ముంటె సెల్లులు తీసినంకనే తుడువాలె. థిన్నర్, పెట్రోల్ దగ్గరికి రానియ్యకు.

ఇవన్ని చేసినా వెలుగు రాకుంటె చలి సంగతి చూడాలె. మీ దిక్కు డిసెంబర్ల ఒక్కోనాడు పది డిగ్రీల లోపుకు పోతది గదా. ఎర్ర లేజర్ పెన్నుల ఒక్క డయోడే ఉంటది, దానికి చలి అంతగ పట్టదు. పచ్చది అట్ల కాదు. లోపల డయోడ్ ఇచ్చేది పచ్చ కానేకాదు, కంటికి కనబడని పరారుణ కాంతి, దాని అల పొడుగు 808 నానోమీటర్లు. అది ఒక సన్న స్ఫటికంల పడి 1064 అయితది. అదీ కంటికి కనబడదు. రెండో స్ఫటికం దాన్ని సగం చేస్తె 532 వస్తది, అప్పుడే మనకు పచ్చగ కనిపిస్తది. చలికి ఆ మొదటి డయోడ్ 808 మీద నిలువది, డిగ్రీకి 0.3 నానోమీటర్ల లెక్కన కిందికి జారుతది. స్ఫటికం దాన్ని మింగుడు తగ్గిస్తది, పచ్చదనం తగ్గుతది. నువ్వు డాబా ఎక్కంగనె గుడ్డిగైందని, గదిల కొస్తె బాగుందని మీ అమ్మతోని అన్నవట. గదే ఇది. పెన్నును స్వెటర్ లోపలి జేబుల పెట్టుకో, పిడికిట్ల పట్టుకో, వెచ్చగైతె లేస్తది. అట్లని ఆపకుండ వెలిగించినా వేడెక్కి మల్ల దిగుతది. పది, ఇరవై సెకన్లు చూపియ్యి, ఆపు.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. పచ్చ తగ్గిందంటె లోపలి డయోడ్ ఆగినట్టు కాదు. అది కరెంటు తాగుతనే ఉంటది, పరారుణం ఇస్తనే ఉంటది. మంచి పెన్నుల మూతి కాడ చిన్న ఫిల్టర్ అద్దం ఉండి దాన్ని ఆపుతది. చౌక పెన్నుల్ల ఆ అద్దాన్నే మింగుతరు. 2010ల అమెరికల కొలతల సంస్థ నిస్ట్ వాళ్లు అగ్గువ పచ్చ పెన్నులు మూడు కొని చూసిన్రు. అండ్ల ఒకటి వెలుగు గుడ్డిగ ఉన్నది. కొలిస్తె పచ్చ కన్న పది రెట్ల పరారుణం వస్తున్నది. గుడ్డిగ ఉన్నదే ప్రమాదమైంది, అర్థమైందా బిడ్డా?

నీకు యాదికుందో లేదో, నువ్వు చిన్నగున్నప్పుడు హనుమకొండ షాపుల నా స్టూలు కింద కూసోని పాత స్పీకర్ల అయస్కాంతాలు ఏరుకునేదానివి. అప్పుడే సీడీ ప్లేయర్లు రిపేరుకు వస్తుండె. సీడీని చదివే దాని లేజర్ కన్నుల నుంచి వచ్చేది 780 నానోమీటర్లు, అదీ దాదాపు పరారుణమే, చూసెటోనికి మసక ఎర్ర చుక్క లెక్క కనిపిస్తది. అందుకే మా షాపుల ఒక్కటే కట్టుబాటు: కన్ను వెలిగిందా లేదా అని ఎవ్వరు వంగి చూడొద్దు. నిన్ను కూడ ఒకసారి జబ్బ పట్టి గుంజిన, మూడ్రోజులు అలిగినవ్.

ఆ కట్టుబాటు దాటిన పిల్లగాడు ఒకడున్నడు. నా కాడ పని నేర్చుకున్నడు, పేరెందుకు. చెయ్యి చురుకు, సోల్డరింగ్ ముత్యమోలె పెట్టేది. నేను కోఠి గుజరాతీ గల్లీకి సామాన్లకు పోయిన రోజు ఎవరో సార్ పచ్చ పెన్ను తెచ్చి వెలుగు వస్తలేదని ఇచ్చి పోయిండు. నేను వచ్చేసరికి తయారు చేసి పెట్టాల్నని వీనికి ఉబలాటం. మూతి విప్పిండు. ఫిల్టర్ అద్దం జర మసకగ కనబడితె అదే వెలుగును ఆపుతున్నదని తీసి పక్కన పెట్టిండు. మల్ల బిగించి ఒత్తిండు. గోడ మీద సన్నగ, ఉన్నదా లేదా అన్నట్టు పచ్చ చుక్క. లోపల స్ఫటికం వెలుగుతున్నదా అని మూతి కాడికి కన్ను తెచ్చిండు.

కంటికి కనిపించే వెలుగు పడితె రెప్ప దానంతట అదే మూసుకుంటది, సెకన్ల నాలుగో వంతు పట్టదు. పరారుణానికి రెప్ప కదలదు. కంటి లోపలి పొరకు నొప్పి తెల్వదు. వాడు ఏమీ కాలేదనుకొని, సెల్లులు మార్చి, ఇంకోసారి చూసిండు. సాయంత్రం నేను దిగినంక, "అన్నా, ఎదురుంగ బోర్డు మీద నడిమి అక్షరం కనిపిస్తలేదు" అన్నడు. కుడి కన్ను మూస్తె కనిపిస్తది, ఎడమది మూస్తె పోతది. రాత్రికి రాత్రి కండ్ల డాక్టర్ కాడికి ఉరికినం. రెటీన మీద మచ్చ, సరిగ్గ నడిమిట్ల. దానికి మందు లేదన్నడు. ఆ పిల్లగానికి అప్పటికి మీసం సుత సక్కగ రాలే. వాళ్ల నాయిన వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంక నాకు కష్టమైంది. ఇప్పుడు కాజీపేటల సొంత దుకాణం నడుపుతున్నడు, బాగున్నడు. సన్న పని మాత్రం తల పక్కకు తిప్పి చేస్తడు.

నువ్వు సైన్స్ టీచరువే, నాకంటె ఎక్కువ చదివినవ్, ఒప్పుకుంట. గని పిల్లలు నిన్ను చూసి చేస్తరు. నువ్వు ఒక్కసారి మూతి కాడికి వంగితె, నువ్వు నీళ్లు తాగ పోయినప్పుడు నలుగురు వంగుతరు. వెలుగు చూడాల్నంటె మెరుపు లేని గోడ మీద వేసి, దూరం నుంచి గోడను చూడు. డాబా మీద పెన్ను నీ చేతుల్నే ఉండాలె. కింద పెట్టాల్సి వస్తె సెల్లులు తీసి జేబుల వేసుకో. పైన లైటు మినుకు మినుకుమంటు కదుల్తుంటె అది చుక్క కాదు, విమానం. అటు దిక్కు పెన్ను లేపనే లేపకు, నడిపెటోని కండ్లు చెదురుతయి. రోడ్డు దిక్కు కూడ వద్దు. 5 మిల్లీవాట్లకు మించిన పెన్ను నీకు అక్కర లేదు. మన కంటికి 555 నానోమీటర్ల కాడ చూపు ఎక్కువ, 532 దానికి దగ్గర, అందుకే కొంచెం పచ్చ కూడ మస్తు కనిపిస్తది. మీ కాడ అంత చీకటి ఉంటది, సరిపోతది.

చిన్నప్పుడు మా అవ్వ మంచంల పండుకోని వేలు పెట్టి ఆకాశంల పిల్లలకోడి చుక్కలను చూపించేది. నాకు కనిపించేది, పక్క మంచంల మీ అమ్మకు ఎన్నడు కనిపించకపోయేది, ఏడ్చేది. వేలు ఎటు చూపిస్తున్నదో వెనక ఉన్నోళ్లకు తెలువది గదా. నీ పెన్ను గీత ఆకాశం దాక పోతది, వెనక వరుస పిల్లకు కూడ కృత్తిక, ఆరుద్ర ఏవో తెలుస్తయి. ఆ పని నువ్వు చేస్తున్నవంటె నాకు ఎంత సంబురమో రాయ రాదు.

కొత్త సెల్లులు వేసినా, వెచ్చగ పెట్టినా గుడ్డిగనే ఉన్నదనుకో, దాన్ని ముట్టకు. సెల్లులు తీసి, పెన్నొక్కటే గుడ్డల చుట్టి ఆర్టీసీ కార్గోల హనుమకొండకు వెయ్యి. నా కాడ వెలుగును విడదీసే పాత సీడీలు, పరారుణం కూడ కనిపించేటట్టు ఫిల్టర్ తీసిన వెబ్‌క్యామ్ ఉన్నయి, పరారుణం కారుతున్నదో లేదో నేను చూస్త. కారితె తిరిగి పంప, వేరేది కొని పంపిస్త, పైసల మాట ఎత్తకు. కార్గో రసీదు ఫోటో తీసి మీ అత్తకు వాట్సాప్ చెయ్యి, నా ఫోన్ల ఫోటోలు తెరుచుకుంటలేవు.

మీ మామ