మెదడులో రక్తం చేరింది... ఆపరేషన్ చేయకపోతే ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. బీపీ ఉంది కానీ, ‘బాగానే ఉన్నా కదా’ అంటూ ఆర్నెల్ల కిందట మాత్రలు మానేశారు. నాలుగు రోజుల కిందట పొలం నుంచి వస్తూనే వాంతి చేసుకున్నారు. మాట ముద్దగా వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. స్కాన్ తీసి మెదడులో ఎడమవైపు, బాగా లోపల 15 మి.లీ. దాకా రక్తం చేరిందన్నారు. పిలిస్తే పలుకుతున్నారు. ఐసీయూలో పెట్టారు గానీ ఆపరేషన్ అక్కర్లేదంటున్నారు. రక్తం తీయకుండా ఎలా నయమవుతుంది? వేరే ఆస్పత్రికి మార్చమంటారా?
– ఓ పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఆపరేషన్ చేయడం లేదంటే చేతులెత్తేశారని అనుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ డాక్టర్ల నిర్ణయం సరైనదే అనిపిస్తోంది.

బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే, మెదడు లోపలికి వెళ్లే వెంట్రుకల్లాంటి ధమనుల గోడలు దెబ్బతింటాయి. ఏదో ఒకరోజు వాటిలో ఒకటి చిట్లి, కారిన రక్తం గడ్డ కడుతుంది. మొదటి కొన్ని గంటల్లో ఆ గడ్డ ఇంకా పెరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే రాగానే సిరంజి పంపుతో మందు ఎక్కిస్తూ బీపీ పై అంకెను 140 దగ్గరికి తెచ్చి నిలబెడతారు. అసలు వైద్యం అదే. ఆ గండం మీ నాన్నగారికి చాలావరకు గడిచింది. ఇక మిగిలింది వాపు. అది వారం, పది రోజుల దాకా పెరగొచ్చు. నర్సు మాటిమాటికీ వచ్చి కళ్లలో టార్చి వేయడం, పేరు అడగడం, చెయ్యి ఎత్తమనడం మీరు చూసే ఉంటారు. మత్తు పెరుగుతోందా, ఒక కంటిపాప పెద్దదవుతోందా అని కనిపెట్టడమే అది. తేడా కనిపిస్తే వెంటనే మళ్లీ స్కాన్ తీస్తారు.

మరి రక్తం తీసేయొచ్చు కదా? అంత లోపలికి వెళ్లాలంటే దారిలో ఉన్న మంచి మెదడును చీల్చుకుంటూ వెళ్లాలి. 27 దేశాల్లో 1033 మందిపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తొందరగా ఆపరేషన్ చేసినందువల్ల మొత్తం మీద అదనపు మేలు కనిపించలేదు. ఈ పరిమాణంలో ఉన్న రక్తాన్ని శరీరమే కొన్ని వారాల్లో పీల్చేసుకుంటుంది. గడ్డ పెద్దదై స్పృహ తగ్గుతుంటే, లేదా చిన్నమెదడులో 3 సెం.మీ. దాటితే మాత్రం మేమే ఆపరేషన్‌కు తొందరపెడతాం. మెదడులో నీరు నిలిచిపోతే ట్యూబు వేసి బయటికి తీస్తాం.

ఫలానా ఆయనకు పుర్రెకు రంధ్రం చేసి రక్తం తీస్తే వారంలో లేచి తిరిగాడని చుట్టాలు చెబుతుంటారు. అది వేరే జబ్బు. పెద్దవయసులో చిన్న దెబ్బకే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంది, దాన్ని తీయడం తేలిక. ఇక ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పితో మొదలై, రక్తనాళం మీద బుడగ పగిలిన కేసు ఇంకొకటి. దానికి ఆ బుడగను మూసేసే క్లిప్పు గానీ, సన్నని తీగచుట్ట (కాయిల్) గానీ వేయాల్సిందే.

ఆస్పత్రి మార్చడం గురించి: అక్కడ 24 గంటలూ సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉంటే కదిలించకండి. అనుమానముంటే స్కాన్ సీడీ పట్టుకెళ్లి మరో డాక్టర్‌కు చూపించండి. ఆ సదుపాయాలు లేకపోతే మార్చడమే మంచిది.

మీరు చేయాల్సిన పనీ ఉంది. మింగగలరో లేదో పరీక్షించేదాకా నోట్లో కొబ్బరినీళ్లు, జావ, చివరికి మంచినీళ్లు కూడా పోయకండి. ప్రేమతో పోసిన ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇలా పోగొట్టుకున్న ప్రాణాలు నన్ను ఇప్పటికీ బాధిస్తాయి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పక్షవాతం కదా అని ఎవరో చెప్పిన ఆస్పిరిన్ వేయకండి, రక్తస్రావం పెరుగుతుంది. నాటుమందు కోసం ఐసీయూ నుంచి తీసుకెళ్లొద్దు.

డాక్టర్ సరేనన్న రోజు నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి. ఎక్కువ మెరుగుదల మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తుంది. తర్వాతా ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. కాలు ముందు కోలుకుని చెయ్యి వెనకబడటం మామూలే, దిగులు పడకండి.

బీపీ మాత్రలు ఇక జీవితాంతం వాడాలి. ఇంట్లో మిషన్ పెట్టుకుని చూస్తూ 130/80 లోపు ఉంచాలి. ఏ మాత్ర ఏ పూట వేయాలో, అయిపోతే ఎవరిని అడగాలో డిశ్చార్జి రోజునే రాయించుకోండి.