పెన్‌డ్రైవ్ మీద లినక్స్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోయింది. మిగతాదంతా బాగానే ఉంది, ర్యామ్ 4 జీబీ. పెన్‌డ్రైవ్‌తోనే నడుపుకోవచ్చా? పిల్లల చదువుకీ, తెలుగు టైపింగ్‌కీ కావాలి.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: నిక్షేపంగా నడుపుకోవచ్చు. ముందు పోయిన డిస్క్‌ను ఊడదీయించండి. అది లోపలే ఉంటే లినక్స్ (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) దాన్ని చదవాలని పదే పదే ప్రయత్నిస్తుంది, తెర రావడానికే నిమిషాలు పడుతుంది. 32 జీబీ యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్, లినక్స్‌లో తేలికరకమైన లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ మీకు చాలు. వేరే విండోస్ కంప్యూటర్‌లో రూఫస్ (పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించే ప్రోగ్రామ్) తెరిచి, పెన్‌డ్రైవ్‌నీ ఐఎస్‌ఓ ఫైలునీ (దించుకున్న లినక్స్ మొత్తం ఉండే ఫైలు) ఎంచుకున్నాక, 'పర్సిస్టెంట్ పార్టిషన్ సైజ్' (మీ మార్పులు దాచే చోటు) దగ్గర కనీసం 8 జీబీ పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి కావలసినవి ముందే వేరేచోట దాచుకోండి.

ఆ సైజు సున్నా దగ్గరే వదిలేస్తే కంప్యూటర్ చక్కగానే తెరుచుకుంటుంది. ఆపగానే మాత్రం పిల్లలు దాచుకున్న ఫైళ్లు, వైఫై పాస్‌వర్డ్, తెలుగు కీబోర్డ్ అమరిక అన్నీ పోతాయి. ఐఎస్‌ఓలోని సిస్టమ్ చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనిది. మీరు చేసే మార్పులు అప్పటికి ర్యామ్‌లో ఉంటాయంతే.

ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల లెక్కలు పెన్‌డ్రైవ్ లినక్స్‌లో రాస్తున్నాను. ఇంట్లో ఒక కంప్యూటర్, గట్టు మీద షెడ్డులో ఇంకొకటి. సేవ్ చేసినప్పుడల్లా బిగుసుకుపోతోంది.
– ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: పెద్ద ఫైలు ఒక్కటి రాయడం పెన్‌డ్రైవ్‌కి తేలికే. సిస్టమ్, బ్రౌజర్ మాత్రం క్షణక్షణం చిన్న చిన్న ముక్కలు రాస్తాయి. ముక్క ఎంత చిన్నదైనా లోపల పెద్ద బ్లాకు చెరిపి తిరిగి రాయాల్సి రావచ్చు. బిగుసుకుపోయేది అందుకే, త్వరగా అరిగిపోయేదీ అందుకే. రోజువారీ లెక్కలకు పెన్‌డ్రైవ్ వద్దు. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే చిప్పుల డిస్క్), దానికి యూఎస్‌బీ 3.0 కేసు కొని, అందులో లినక్స్‌ని పూర్తిగా ఇన్‌స్టాల్ చేయండి. ఇన్‌స్టాల్ చేయడానికి ఇప్పుడున్న పెన్‌డ్రైవ్ పనికొస్తుంది, లెక్కల ఫైళ్లు ముందే దించుకోండి.

దెబ్బతినేది ఇక్కడే. మీరు ఎస్‌ఎస్‌డీనే ఎంచుకున్నా, ఇన్‌స్టాలర్ చాలాసార్లు బూట్‌లోడర్‌ని (ఆన్ చేయగానే సిస్టమ్‌ని తెరిచే చిన్న ప్రోగ్రామ్) కంప్యూటర్ లోపలి డిస్క్‌లో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్‌లోడర్లు ఉండే భాగం) పెట్టేస్తుంది. అప్పుడు ఇంట్లో తెరుచుకున్న ఎస్‌ఎస్‌డీ షెడ్డులో తెరుచుకోదు. ఎస్‌ఎస్‌డీ పెట్టకుండా ఇంటి కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ బదులు గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) నల్లతెర వస్తుంది. కాబట్టి ఇన్‌స్టాల్ చేసేంతసేపూ లోపలి డిస్క్ కేబుల్ పీకి ఉంచండి, అయ్యాక తిరిగి పెట్టండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే తెరవనిచ్చే అమరిక) మారిస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది.

షెడ్డులో కరెంటు పోయే అలవాటుంటే యూపీఎస్ తప్పనిసరి. రాస్తుండగా ఆగితే ఫైల్ సిస్టమ్ కోలుకోవచ్చు, సగంలో ఉన్న లెక్కల ఫైలుకి ఆ భరోసా లేదు. ఉప్పుగాలికి యూఎస్‌బీ మొన చిలుం పడుతుంది, పని కాగానే తీసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్ లినక్స్ వాడాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్చాలా?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: అక్కర్లేదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటే ఇదే కారణం. విండోస్ టైమ్ సెట్టింగుల్లో 'సింక్ నౌ' నొక్కండి. తేదీ కూడా ఏళ్ల వెనక్కి పోతుంటే అప్పుడు సీఆర్2032 బ్యాటరీ మార్పించండి.