పాత దూలాలతో ఫర్నిచర్: డిజైన్ కోర్సా, వర్క్‌షాపా?

ప్రశ్న: మా అబ్బాయిది డిగ్రీ చివరి ఏడాది. పురాతన భవనాలు విప్పినప్పుడు వచ్చే కలపతో ఫర్నిచర్ చేస్తానంటున్నాడు. డిజైన్ కోర్సులో చేర్చాలా, వర్క్‌షాప్‌లో పెట్టాలా? అసలు ఇందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, చదువుకున్న కొడుకుని నలుగురూ వడ్రంగి అంటారేమోనన్నదే మీ దిగులు. ఆ నలుగురి కోసం వాడి ఇష్టాన్ని తుంచెయ్యకండి. చేతిలో పని ఉన్నవాడికి పాత కలప మోజు తగ్గినా తలుపులు, కిటికీలు, అల్మరాల పని ఉంటుంది.

నా సందేహమల్లా ఆ మోజు మీదే. పాత చెక్క మీద ఎపాక్సీ (పోశాక గాజులా గట్టిపడే జిగురు) పోసి నాలుగు టేబుళ్లు చేస్తే వ్యాపారమైపోతుందని చాలామంది దిగుతున్నారు. అసలు కష్టం కలపను సిద్ధం చేయడంలో ఉంది. దూలానికి రంపం పెట్టేముందు నాలుగు వైపులా మెటల్ డిటెక్టర్‌తో వెతకాలి. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు ఒక్కటి తగిలినా ప్లేనర్ (చెక్కను చిత్రిక పట్టే యంత్రం) బ్లేడు అంచు విరుగుతుంది, ఆ తర్వాత చిత్రిక పట్టిన ప్రతి పలక మీదా గీత తేలుతుంది. పాత రంగుంటే అందులో విషపు సీసం ఉందేమో పరీక్ష చేయకుండా గరుకు కాగితం పెట్టకూడదు. సన్న రంధ్రాల్లోంచి పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అనుమానించాలి. అలాంటి చెక్కను కిల్న్‌లో (కలపను వేడిచేసే గదిలో) పెట్టి, లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్‌కి చేరాక కనీసం 30 నిమిషాలు అదే వేడిలో ఉంచాలి.

వందేళ్ల దూలం ఎండిపోయే ఉంటుందిలే అనుకుంటే దెబ్బతింటారు. పైకి ఆరినట్టున్నా లోపల తేమ 15 శాతం దాటి ఉండొచ్చు. ఇంట్లో వాడే ఫర్నిచర్‌కి 8 నుంచి 12 శాతం ఉండాలి. కోసిన పలకల మధ్య అడుగున్నరకొకటి చొప్పున అంగుళం మందం బద్దలు పెట్టి, పైన బరువుంచి, తేమ మీటరులో అంకె కదలడం ఆగేదాకా ఆగాలి. తొందరపడితే టేబుల్ పైపలక మెలితిరుగుతుంది. మేకు రంధ్రాలు, పగుళ్లు, పుచ్చు పోగా సగమే మిగులుతుందనుకుని ధర కట్టాలి. కొత్తవాళ్లు మునిగేది ఇక్కడే.

కలప ఎక్కడిదో చెప్పే కాగితం లేకుండా కొననివ్వకండి. రక్షిత కట్టడం నుంచి అనుమతి లేకుండా ఊడదీసిందైతే కేసవుతుంది. చెక్కడం పనితనం ఉన్న తలుపు దొరికితే టేబుల్ కోసం కోయొద్దు, మళ్లీ తలుపుగా వాడేవారిని వెతకాలి.

ఇక కోర్సు సంగతి. డ్రాయింగ్, కస్టమర్‌తో మాట్లాడటం అక్కడ వస్తాయి, ఉలికి పదును పెట్టడం రాదు. అందుకే ముందు ఏడాదిపాటు కొత్త కలపతో పని నేర్పే వర్క్‌షాప్‌లో పెట్టండి. ఆ ఏడాదిలో సంపాదన గురించి అడగకండి. చివర్లో ఒక స్టూలు చేయమనండి. నాలుగు కాళ్లూ నేలకి ఆనాలి, జాయింట్లు జిగురు పెట్టకముందే బిగుతుగా నిలవాలి. అది చేయగలిగితే పాత దూలం కొనివ్వండి.