సింగపూర్‌కు ఒక్కరే వెళ్తున్నారా? టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టండి

ప్రశ్న: ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్తున్నాను. పని రెండు రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత మూడు రోజులు సెలవు పెట్టి ఒక్కదాన్నే ఊరు చూద్దామని ఉంది. మావారు సరే అన్నారు కానీ అత్తగారు మాత్రం "ఒక్కదానివే పిచ్చిదానిలా ఏం తిరుగుతావమ్మా" అంటున్నారు. నాకూ లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది. మూడు రోజుల్లో ఏమేం చూడగలను? రాత్రిళ్లు తిరగొచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: తిరగొచ్చు. ముందు ఆ ముక్క చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. రాత్రి పదకొండుకు ఎమ్ఆర్‌టీ రైల్లో ఫోన్ చూసుకుంటూనో, ఒళ్లో సంచి పెట్టుకుని కునుకు తీస్తూనో ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఆ ఊళ్లో మామూలే. అలాగని హ్యాండ్‌బ్యాగ్ బల్ల మీద వదిలేసి వెళ్లమని కాదు, జాగ్రత్త ఎక్కడైనా జాగ్రత్తే. పోలీసుకు 999, అంబులెన్స్‌కు 995, ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో పెట్టుకోండి. హోటల్ పేరు, వీధి ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా దారి తప్పినప్పుడే.

నాకు పేచీ అంతా "ఏమేం చూడగలను" అన్న మాట దగ్గరే. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ పెద్ద లిస్టు రాసుకున్నాను, ఒకే రోజు తొమ్మిది చోట్లు. రాత్రి గదికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏది ఏ వీధిలోదో నాకే అర్థం కాలేదు, గుర్తున్నదల్లా కాలి బొబ్బలే. నలుగురితో వెళ్తే ఎవరో ఒకరు "ఇక కాసేపు కూర్చుందాం" అంటారు. ఒక్కరే అయినప్పుడు అలా అనేవాళ్లు ఉండరు, మనకు మనమే బాసు, మనకు మనమే కూలీ. అందుకని రోజుకు రెండే పెట్టుకోండి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం ఎండ, ఉక్క, ఉన్నట్టుండి ఉరుములతో కుండపోత, ఆ టైముకు మ్యూజియమో నిద్రో. పాత సుప్రీం కోర్టు, సిటీ హాల్ భవనాలను కలిపేసి 2015లో నేషనల్ గ్యాలరీగా తెరిచారు. బొమ్మల మీద ఆసక్తి లేకపోయినా, అప్పట్లో నిందితులను ఉంచిన గదులు చూడ్డానికైనా వెళ్లొచ్చు, పైగా ఏసీ.

పొద్దున పూటకు సౌత్ బ్రిడ్జ్ రోడ్డు బాగుంటుంది. 1827లో మొదలైన మారియమ్మన్ గుడి, నాలుగడుగుల్లో జామే మసీదు, ఇంకొంచెం ముందుకెళ్తే 2007లో కట్టిన బుద్ధుడి దంతాల గుడి, అన్నీ ఒకే రోడ్డు మీద, చైనాటౌన్ నడిబొడ్డున. చెట్లు కావాలంటే బొటానిక్ గార్డెన్స్. 1859 నాటి తోట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, తెల్లవారుజామున 5 గంటలకే తెరుస్తారు, టికెట్ లేదు. లోపల ఆర్కిడ్ల తోటకు మాత్రమే డబ్బులు.

ఒక సాయంత్రం మాత్రం నేను చెప్పినట్టే చేయండి. ఏడు గంటలకల్లా బేఫ్రంట్ స్టేషన్‌లో దిగి గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల కిందికి చేరిపోండి. (అక్కడ ఏడాది పొడుగునా చీకటి పడేది దాదాపు ఏడింటికే, ఊరు భూమధ్యరేఖకు 140 కిలోమీటర్ల లోపే ఉంది మరి.) ఇవి మొత్తం 18 చెట్లు, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. అస్థిపంజరం ఉక్కుది, ఒంటి మీద మొలిచినవి మాత్రం నిజం ఫెర్న్‌లు, ఆర్కిడ్లే. కొన్నిటి నెత్తిన సోలార్ పలకలున్నాయి, కొన్ని పక్కనున్న అద్దాల తోటల గాలి బయటికి పోయే గొట్టాలుగా పని చేస్తాయి. అంటే అందానికి నిలబెట్టినవి మాత్రమే కాదు, ఉద్యోగం కూడా చేస్తున్నాయి. 7:45కు లైట్లు, పాటలు మొదలవుతాయి, ఉచితమే. అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడతారు. మీరు చున్నీ పరుచుకుని నేల మీద వెల్లకిలా పడుకోండి. పగలంతా ఎండ తాగిన నేల వీపుకు వెచ్చగా తగులుతుంటే, పైన కొమ్మలన్నీ ఊదారంగు నుంచి ఆకుపచ్చకు మారుతుంటాయి. పక్కన ఎవరూ లేకపోవడం ఎంత సుఖమో ఆ పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది, "పద పద, లేటవుతోంది" అనేవాళ్లు లేరు కదా. తర్వాత వంతెన దాటి మరీనా బే శాండ్స్ హోటల్ మీదుగా నీళ్ల ఒడ్డుకు వచ్చి, మెలితిరిగిన హీలిక్స్ బ్రిడ్జి ఎక్కి, ఒడ్డు వెంబడే నడుచుకుంటూ మెర్‌లయన్ దాకా వెళ్లండి. సింహం తల, చేప ఒళ్లు, నోట్లోంచి నీళ్లు, ఎత్తు 8.6 మీటర్లు. అంత పేరున్న బొమ్మ ఇంతేనా అని కూడా అనిపిస్తుంది, అనిపించినా తప్పు లేదు.

ప్రశ్న: ఒంటరిగా హోటల్లో కూర్చుని తినాలంటే నాకు మహా సిగ్గు. పైగా శాకాహారిని. ఏం చేయాలి?

జవాబు: సిగ్గు పోవడానికి ఆ ఊరిని మించిన చోటు లేదు. అక్కడివాళ్లు సగం భోజనాలు హాకర్ సెంటర్లలోనే కానిచ్చేస్తారు. పెద్ద షెడ్డు కింద పదుల కొద్దీ చిన్న చిన్న స్టాళ్లు, మధ్యలో బల్లలు. ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఐదారు సింగపూర్ డాలర్లకు కడుపు నిండుతుంది, ఒక్కరే తినేవాళ్లు ప్రతి రెండో బల్ల దగ్గరా ఉంటారు, మీ వంక ఎవరూ చూడరు.

ఒంటరివాళ్లకు వచ్చే అసలు చిక్కు వేరే. ఇద్దరుంటే ఒకరు సీటు కాస్తారు, ఒకరు క్యూలో నిలబడతారు. ఒక్కరే అయితే? దానికి ఆ ఊరివాళ్లే ఉపాయం కనిపెట్టారు. బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లిపోతారు, అంటే సీటు బుక్కయినట్టే, దీన్ని "చోప్" చేయడం అంటారు. గొడుగు పెట్టినా చాలు. ఈ సంగతి తెలియక నేనోసారి ఎవరో మర్చిపోయారనుకుని ఆ ప్యాకెట్‌లోంచే ఒక టిష్యూ తీసి మూతి తుడుచుకుంటుంటే, చేతిలో నూడిల్స్ ట్రేతో ఒక పెద్దాయన వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు, ప్యాకెట్ వంక, నా మూతి వంక చూశాడంతే. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి, అది మర్యాదే కాదు, రూలు కూడా.

శాకాహారం సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. పేరులో కూరగాయలున్నంత మాత్రాన శాకాహారం అయిపోదు. తోటకూరలా కనిపించే కాంగ్‌కాంగ్ వేపుడులో తరచుగా బెలచాన్ ఉంటుంది, అది ఎండు రొయ్యల ముద్ద. చైనీస్ వంటల్లో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సాస్ పడుతుంది. కాబట్టి "వెజిటేరియన్" అని ఊరుకోకుండా మాంసం, చేప, రొయ్య, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పండి. చాలా హాకర్ సెంటర్లలో అచ్చంగా శాకాహారం వండే చైనీస్ స్టాలు ఒకటైనా ఉంటుంది, అక్కడ ఏ బెంగా లేదు. ఇడ్లీ, దోసె మీద మనసు పోతే లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డుకు వెళ్లండి, కోమలా విలాస్ 1947 నుంచీ అక్కడే ఉంది.

కాఫీ మాత్రం స్టాల్లోనే తాగండి. "కోపి" అంటే తియ్యటి గట్టిపాలతో, "కోపి ఓ" అంటే పాలు లేకుండా చక్కెరతో, "కొసోంగ్" అని చేరిస్తే చక్కెర కూడా ఉండదు. షుగర్ ఉన్నవాళ్లు "కోపి ఓ కొసోంగ్" అన్న మాట కంఠతా పట్టండి.

ప్రశ్న: అడుగడుగునా ఫైన్లంట కదా? చూయింగ్ గమ్ జేబులో ఉన్నా పట్టుకుంటారా?

జవాబు: గమ్ దిగుమతి, అమ్మకం 1992 నుంచి నిషేధం, కాబట్టి ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. నన్నడిగితే దానికన్నా పెద్ద ప్రమాదం మనవాళ్ల జేబుల్లోని ఖైనీ, గుట్కా. నమిలే పొగాకు ఏదైనా నిషేధమే, వేప్‌లు (ఈ-సిగరెట్లు) కూడా అంతే, దగ్గరున్నా నేరమే. సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు, ఒక్క పెట్టె తెచ్చినా చూపించి పన్ను కట్టాల్సిందే. నిద్రమాత్రల్లాంటివి, గట్టి నొప్పి మాత్రలు వాడేవాళ్లయితే ముందుగా అనుమతి కావాలేమో చూసుకుని, డాక్టరు చీటీ వెంట పెట్టుకోండి. రైల్లో తినడం, తాగడం చేస్తే 500 డాలర్ల దాకా జరిమానా.

వీసా ఉంది కదా అని అరైవల్ కార్డు మర్చిపోకండి, దిగేరోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది సర్కారుది కాదు, మూసేయండి.

ప్రశ్న: రిటైరయ్యాను, వయసు 63. ఒక్కణ్నే వెళ్లాలని కోరిక. ఇంగ్లిష్ అంతంత మాత్రం. రైళ్లలో తికమక పడతానేమో?

జవాబు: మీకొచ్చిన ఇంగ్లిష్ అక్కడ ఎక్కువే అవుతుంది సార్. "కెన్?" అని అడగండి, అవతలివాళ్లు "కెన్" అనో "కెనాట్" అనో అంటారు, సగం వ్యవహారం దాంతోనే నడిచిపోతుంది. స్టాల్లో వాళ్లను అంకుల్, ఆంటీ అని పిలవడం అక్కడా ఉంది.

రైలుకు టికెట్ కొనక్కర్లేదు, ట్యాప్ చేసే బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు, విదేశీ కార్డులకు కొంచెం అదనపు రుసుము పడుతుంది. ఏ కార్డుతో లోపలికెళ్లారో దాంతోనే బయటికి రండి, ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు తాకిస్తే లెక్క తప్పుతుంది. బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడండి, కుడి పక్క హడావిడిగా వెళ్లేవాళ్లది. మంచినీళ్ల సీసా ఒకటి వెంట ఉంచుకోండి, కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు.

ప్రశ్న: ఒంటరిగా వెళ్తే ఫొటోలు ఎవరు తీస్తారండీ?

జవాబు: పెద్ద కెమెరా మెడలో వేసుకున్నవాళ్లను అడగండి. ముందు వాళ్లకో ఫొటో తీసిపెట్టి ఆ తర్వాత అడిగితే ఇంకా బాగా తీస్తారు.

ప్రశ్న: అద్దాల మేడలు, మాల్స్ తప్ప సింగపూర్‌లో చూడ్డానికేముంది? అంతా బొమ్మల కొలువులా ఉంటుందని మా తమ్ముడి అభిప్రాయం.

జవాబు: మీ తమ్ముడు మరీనా బే దాటి వెళ్లి ఉండడు. ఆ ఊరి జనంలో పదిమందికి సుమారు ఎనిమిది మంది ఉండేది హెచ్‌డీబీ అనే ప్రభుత్వ ఫ్లాట్లలో. అవి చూడకపోతే ఊరు చూసినట్టు కాదు. తోవా పాయో స్టేషన్‌లో దిగి లోపలి వీధుల్లోకి నడవండి. కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో ముసలివాళ్లు చదరంగం ఆడుతుంటారు, పై అంతస్తుల కిటికీల్లోంచి వెదురు గడలకు బట్టలు ఆరుతుంటాయి. అక్కడే 1979 నాటి డ్రాగన్ ఆటస్థలం ఉంది, చిన్న చిన్న పలకలు అతికించిన తల, దాని కింద ఇసుక. ఎత్తు నుంచి ఊరు చూడాలంటే డక్స్‌టన్ దగ్గర పినాకిల్ అనే ఏడు బ్లాకుల హెచ్‌డీబీ ఉంది. 50వ అంతస్తు మీది వంతెనకు కొద్ది డాలర్లతో వెళ్లొచ్చు, రోజుకు కొంతమందినే పంపిస్తారు కాబట్టి పెందరాళే వెళ్లండి. మరీనా బే శాండ్స్ మీదికెక్కితే మరీనా బే శాండ్స్ ఒక్కటే కనబడదు, ఇక్కడి నుంచైతే అదీ కనబడుతుంది.

ఇంకో రోజు మిగిలితే పులావ్ ఉబిన్ దీవి. తనా మేరా స్టేషన్ దగ్గర 2వ నంబరు బస్సెక్కితే చాంగీ విలేజ్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి చిన్న చెక్క పడవ, పది నిమిషాలు. దీవిలో సైకిల్ అద్దెకు తీసుకోండి, ముందు బ్రేకులు నొక్కి చూసుకోండి. రేకుల కప్పు ఇళ్లు, కొబ్బరి చెట్లు, అడవి పందులు, తూర్పు కొసన చెక్ జావా మడ అడవులు. పడవకు టైం టేబుల్ లేదు. పన్నెండు మంది పోగైతే కదులుతుంది, లేదా పన్నెండు మంది ఛార్జీ మీరే ఇచ్చుకోవాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లు బెంచీ మీద కూర్చుని మిగతా పదకొండు మంది కోసం ఎదురుచూడాల్సిందే, చేపల గేలాలు పట్టుకొచ్చే పెద్దాయన, సైకిళ్లతో వచ్చే కుర్రాళ్లు, పిల్లలతో ఒక కుటుంబం, అలా ఒక్కొక్కరే వస్తారు. మీరే పన్నెండోవాళ్లు అయ్యారనుకోండి, మిమ్మల్ని చూడగానే ఆ పదకొండు మందీ సంచులు సర్దుకుని లేచి నిలబడతారు.