టికెట్లు కొనేముందు: అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నల్నీ పిల్లవాణ్నీ తీసుకుని స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ చూసి రావాలన్న ఆలోచన బాగుంది. మీ నాన్న మోకాళ్లు మాట వింటున్నప్పుడే వెళ్లిరావాలి. కాకపోతే టికెట్లు చవగ్గా ఉన్నాయి, ఇవాళే కొనేస్తానన్నావే, అది మాత్రం ఆపు. ముందు నలుగురి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టుకుని కూర్చో. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఉండే వీసాని షెంగెన్ వీసా అంటారు. అది ఇచ్చే అధికారి మామూలుగా మీ ముఖాలు చూడరు, మీ కాగితాలే చూస్తారు. ఒక కాగితం చెప్పింది ఇంకో కాగితం కాదనకూడదు. పని మొత్తం అంతే, కానీ మన ఇళ్లలో చాలామందికి తప్పేది అక్కడే.

మొదట గడువు. షెంగెన్ దేశాలకి, అక్కడి నుంచి బయల్దేరే తేదీ తరవాత కనీసం 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, అది గత 10 ఏళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. సింగపూర్, థాయిలాండ్, దుబాయ్ లాంటి చోట్ల 6 నెలలు అడుగుతారు. అందుకని ఎక్కడికైనా 6 నెలల లెక్కే పెట్టుకో. పెద్దల పాస్‌పోర్టు 10 ఏళ్లు కదా అని పిల్లవాడిదీ అంతే అనుకోవద్దు, వాడిది 5 ఏళ్లే. గడువు ఇంకా ఏడాది ఉండగానే రీ-ఇష్యూకి పెట్టుకోవచ్చు. విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పెద్దలకి 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. అట్ట ఊడినా, ఫొటో పేజీకి తడి తగిలి ఉబ్బినా, పిల్లవాడు పెన్నుతో గీసినా కొత్తది తీసుకోవాల్సిందే. అలాంటి పుస్తకం చూసి విమానం కౌంటర్లోనే ఆపేస్తారు.

ఇక పేర్లు. దీని మీద ఒక పూట పెట్టు. మనం ఇంటిపేరుని పొడి అక్షరం చేసి రాసుకుంటాం, పాస్‌పోర్టులో మాత్రం పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా రాయాలి. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. మీ నాన్న పేరులోని ‘వెంకటేశ్వరరావు’ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఎన్ని రకాల స్పెల్లింగులవుతుందో చూడు. పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి. ఆ పై వరసలో అక్షరం అక్షరం ఎలా ఉందో అదే అసలు పేరు. వీసా ఫారం, విమానం టికెట్, ఇన్సూరెన్స్, హోటల్ బుకింగ్ అన్నీ దాన్ని చూసే నింపాలి, గుర్తున్నట్టు నింపకూడదు. టికెట్ మీద పేర్లు ఖాళీ లేకుండా కలిసిపోయి వస్తాయి, దానికి కంగారు పడకు. అక్షరం మారితేనే ఇబ్బంది. బ్యాంకు ఖాతాలో పేరు తేడాగా ఉంటే పాస్‌పోర్టు కాపీ ఇచ్చి ఇప్పుడే మార్పించు. అంత వ్యవధి లేకపోతే ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ జత చెయ్యాలి. అది రెండో దారి మాత్రమే.

మీ అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడు. పేరంతా ఒకే గడిలో రాయించినవి మనవైపు చాలా ఉన్నాయి. యూరప్‌కి దానితో గండం లేదు. అమెరికా ఫారంలో అయితే ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, రెండో గడిలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అది మామూలే. దుబాయ్‌తో జాగ్రత్త. పాస్‌పోర్టులో ఒక్క పదం పేరే ఉన్నవాళ్లని 2022 నవంబరు నుంచి విజిట్ వీసా మీద అక్కడ రానివ్వడం లేదు. చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటారు. ముందు ముందు అటు వెళ్లే ఉద్దేశం ఉంటే రీ-ఇష్యూలో ఇంటిపేరు విడదీసి రాయించడం మేలు.

ఏ దేశానికి దరఖాస్తు చెయ్యాలని అడిగావు. 29 షెంగెన్ దేశాలకీ వీసా ఒకటే, కానీ ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. స్విట్జర్లాండ్‌లో 5 రాత్రులు, పారిస్‌లో 3, ఇటలీలో 3 అయితే స్విట్జర్లాండ్‌కి. మూడు చోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతోందని వేరే దేశానికి పెట్టి, హోటళ్లు ఇంకో చోట చూపిస్తే తిరస్కరించడానికి వాళ్లకి చక్కటి కారణం ఇచ్చినట్టే. మధ్యలో లండన్ కలపాలనుకుంటే అది ఈ వీసాలోకి రాదు. బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి, మళ్లీ యూరప్‌లోకి రావాలంటే షెంగెన్ వీసా ఒకసారికి మించి రానిచ్చే మల్టిపుల్ ఎంట్రీది అయి ఉండాలి. ఈసారికి లండన్ వదిలెయ్యి, డబ్బూ శ్రమా రెండూ మిగులుతాయి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకూ దరఖాస్తు తీసుకుంటారు. నిర్ణయానికి 15 రోజులన్నా, అదనపు పరిశీలనకి వెళితే 45 రోజుల దాకా పట్టవచ్చు. కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే కంపెనీ వీఎఫ్‌ఎస్. వేసవికి హైదరాబాద్‌లో వాళ్ల స్లాట్లు ముందే నిండిపోతాయి. మే నెల ప్రయాణమైతే జనవరి, ఫిబ్రవరిలోనే పెట్టెయ్యి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45, ఆరు నిండని వాళ్లకి లేదు. వీఎఫ్‌ఎస్ వాళ్ల రుసుము దీనికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగిరాదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 6 నెలలది, బ్యాంకు ముద్రతో తీసుకో. వాళ్లు చూసేది చివరి నిల్వ ఒక్కటే కాదు. నెలనెలా జీతమో పెన్షనో ఎలా వస్తోంది, ఎలా ఖర్చవుతోంది, ఈ ప్రయాణం ఖర్చు ఆ సంపాదనకి తగ్గట్టుందా, ఇవన్నీ చూస్తారు. దరఖాస్తుకి పది రోజుల ముందు ఒక్కసారిగా 5 లక్షలు పడితే అది అప్పు తెచ్చి చూపించిన డబ్బే అనుకుంటారు. చీటీ పాడిన డబ్బయితే చిట్ కంపెనీ కాగితం, స్థలం అమ్మిన డబ్బయితే దస్తావేజు కాపీ జత చెయ్యాలి. నిల్వ చూపించడానికి ఖాతాలో డబ్బు వేస్తాం, వడ్డీ ఇస్తే చాలు అనే ఏజెంట్ల జోలికి పోవద్దు. డబ్బు వచ్చిన తేదీ, వెనక్కి వెళ్లిన తేదీ రెండూ నీ స్టేట్‌మెంట్‌లోనే ఉండిపోతాయి.

మీ నాన్నకి పెన్షన్ కొంత, మిర్చి పొలం మీద కొంత. పొలం ఆదాయానికి పన్ను లేదని రిటర్నులో చూపించకుండా వదిలేస్తారు. అప్పుడు ఖాతాలో పడ్డ డబ్బుకి కారణం కనబడదు. మినహాయింపు ఆదాయంగా రిటర్నులో రాయించాలి. పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఇచ్చిన అమ్మకం చీటీలు (తక్‌పట్టీలు) కలిపి పెడితే లెక్క కుదురుతుంది. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. ఇల్లూ పొలమూ ఇన్ని కోట్లు చేస్తాయని ఆడిటర్ చేత పెద్ద సర్టిఫికెట్ రాయించడం మనవాళ్లకి అలవాటు. నా మట్టుకు దానికంటే మూడేళ్ల ఐటీ రిటర్నులు, నీ ఆఫీసు వాళ్లిచ్చే సెలవు లేఖ ఎక్కువ పనికొస్తాయి. తిరిగి వచ్చెయ్యడానికి నీకు ఇక్కడ ఏముందో చెప్పేవి అవే.

అల్లుడుగారు రావడం లేదు కాబట్టి పిల్లవాణ్ని నీతో పంపడానికి సమ్మతిస్తున్నట్టు ఆయన నోటరీ చేసిన లేఖ ఇవ్వాలి. ఆయన పాస్‌పోర్టు కాపీ, అందులోని సంతకమే లేఖ మీదా ఉండాలి. పిల్లవాడి జనన ధ్రువపత్రం ఇంగ్లీషులో తీసుకో. ఆ లేఖ ఒరిజినల్ ప్రయాణంలో కూడా నీ సంచిలోనే ఉండాలి, సరిహద్దు దగ్గర కూడా అడుగుతారు.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, అన్ని షెంగెన్ దేశాలకీ, దిగిన రోజు నుంచి బయల్దేరే రోజు దాకా చెల్లాలి. మీ అమ్మ షుగరూ మీ నాన్న బీపీ దాచకుండా రాయించు. చవక పాలసీలు ఉన్న జబ్బులకి పైసా ఇవ్వవు, వీసాకి సరిపోతాయి తప్ప ఆసుపత్రిలో ఆదుకోవు. ఫొటో 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు, తెల్లటి వెనకతెర, 6 నెలలలోపుది. విమానానికి వీసా వచ్చేదాకా రిజర్వేషన్ కాపీ చాలు, హోటళ్లు రద్దు చేసుకునే వీలున్నవి తీసుకో. ఏజెంటు దొంగ బుకింగ్ నంబర్లు పెడితే కాన్సులేట్ వాళ్లు హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోగలరు. అబద్ధం ఎవరు రాసినా సంతకం నీదే.

వీఎఫ్‌ఎస్‌కి 12 ఏళ్లు నిండిన వాళ్లంతా వెళ్లి వేలిముద్రలివ్వాలి. పొలం పని చేసిన చేతులకీ, వంటింటి చేతులకీ గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడదు. వారం ముందు నుంచి రోజూ రాత్రి వాజిలిన్ రాయమను. ఆ ముద్రలు 59 నెలలు నిల్వ ఉంటాయి.

వీసా అంటించిన పాస్‌పోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి చదువు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు. ‘నుంచి, వరకు’ అన్న తేదీలు వీసా చెల్లే కాలం మాత్రమే, ఉండనిచ్చే రోజులు విడిగా రాసి ఉంటాయి. 25 రోజుల కాలంలో 12 రోజులని ఉంటే 12 రోజులే ఉండాలి, దిగిన రోజూ బయల్దేరిన రోజూ రెండూ లెక్కే. ఒకవేళ తిరస్కరిస్తే కారణం గుర్తుపెట్టిన కాగితం ఇస్తారు. దాన్ని పారెయ్యకు. తరవాత ఏ దేశం ఫారంలో అడిగినా ఆ సంగతి ఉన్నదున్నట్టు రాయాలి. తిరస్కరణ కంటే దాన్ని దాచడం పెద్ద నేరం, బ్రిటన్ అయితే మోసం కింద 10 ఏళ్ల వరకూ రానివ్వదు.

టికెట్ కొనేటప్పుడు గన్నవరం విమానాశ్రయంలో బయల్దేరింది మొదలు తిరిగి వచ్చేదాకా ఒకే పీఎన్ఆర్ ఉండేలా చూడు. రెండు విడి టికెట్లయితే మధ్య ఊళ్లో సామాను బయటికి వచ్చి తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలి. ఆ ఊరు వేరే దేశంలో ఉంటే, బయటికి రావడానికి చాలాచోట్ల ఆ దేశపు వీసా కావాలి, అది లేదని ఇక్కడే ఎక్కనివ్వరు. మొదట దిగే షెంగెన్ విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి అక్కడ ముద్ర వెయ్యడానికి బదులు వేలిముద్రలూ ముఖం ఫొటో తీసుకునే పద్ధతి దశలవారీగా పెట్టారు, వరసలు పొడవుగా ఉంటాయి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మూడు గంటలైనా ఎడం పెట్టుకో. వీసా ఉన్నా లోపలికి పంపాలా వద్దా అన్నది ఆ అధికారి చేతిలో ఉంటుంది. హోటల్ కాగితాలు, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ ప్రింట్ తీసి పట్టుకో. ఫోన్ బ్యాటరీని నమ్ముకోవద్దు.

మీ తమ్ముడు థాయిలాండ్, మలేసియా అంటున్నాడట. రెంటికీ ప్రస్తుతం మనకి ముందుగా వీసా అక్కర్లేదు, కానీ దిగడానికి ముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి. సింగపూర్‌కి వీసా కావాలి, కార్డూ కావాలి. ఈ కార్డులు మూడూ ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైట్ ప్రభుత్వానిది కాదు. వియత్నాం ఈ-వీసా ఒక ఎంట్రీకి 25 డాలర్లు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే వారం ఆ దేశపు అధికారిక సైట్‌లో మళ్లీ చూసుకోమను. అక్కడ కంప్యూటర్ ఉద్యోగం ఇప్పిస్తాం, టూరిస్టుగా వచ్చెయ్ అనేవాళ్ల మాట అసలు విననివ్వకు. ఆ దారిన కంబోడియా వెళ్లి చిక్కుకుపోయిన మన పిల్లలున్నారు.

డబ్బు మనిషికి 3000 డాలర్ల విలువ దాకా నోట్లుగా పట్టుకెళ్లొచ్చు, కానీ అంత అక్కర్లేదు. కొద్దిగా యూరోలు, స్విట్జర్లాండ్‌కి కాసిని ఫ్రాంకులు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకో. మన రూపాయలు 25,000 మించి ఉండకూడదు. మీ అమ్మ నగలు తగ్గించుకుంటే మంచిది. కాదంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర చూపించి సర్టిఫికెట్ రాయించుకోవాలి, లేకపోతే వచ్చేటప్పుడు అక్కడ కొన్నారంటారు.

తిండి సంగతి మీ అమ్మతో గట్టిగా చెప్పు. యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు బాగా సీలు చేసి చెకిన్ సామానులో పెట్టండి. దుబాయ్, సింగపూర్ మీదుగా వెళితే గసగసాలు మసాలాలో కూడా ఉండకూడదు, అక్కడ అవి మాదకద్రవ్యాల కింద లెక్క. మాత్రలు షీట్లతోనే, డాక్టరు చీటీతో, చేతి సంచిలో ఉండాలి. డబ్బాల్లోకి విడదీసి పొయ్యొద్దు.

నలుగురి పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. పేర్లు అక్షరం అక్షరం సరిచూసి, ఏవి మార్పించాలో ఆదివారం లోపు చెబుతాను. టికెట్ల సంగతి ఆ తరవాత.

మీ పెదనాన్న